పదో తరగతి తర్వాత ఎటు? విశాఖ ముస్లిం పిల్లల చదువుకీ నాయకత్వానికీ పనికొచ్చే దారుల పోలిక

డిసెంబరు వచ్చేసరికి కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఫోన్లు మొదలుపెడతారు. "ఇప్పుడే సీటు బుక్ చేసుకోండి సార్, సంక్రాంతి దాటితే ఈ ఫీజు ఉండదు" అంటారు. పాప ఇంకా ప్రీఫైనల్స్ కూడా రాసి ఉండదు, ఇంట్లో అడ్వాన్సు కట్టేసి రసీదు బీరువాలో పెట్టేస్తారు. ఈ తొందరలో అసలు ప్రశ్న మిగిలిపోతుంది: ఈ పిల్ల ఇంటర్ తర్వాత ఏ పరీక్ష రాయబోతోంది? ఏ కాలేజీ అన్నది ఆ తర్వాతి సంగతి.

అక్కయ్యపాలెం, అల్లిపురం, కోటవీధి, గాజువాక, ఏ పేటకు వెళ్ళినా మన ఇళ్ళలో కోరికలు దాదాపు ఒకటే. ర్యాంకు రావాలి. పిల్లలు నలుగురి ముందు నిలబడి మాట్లాడగలగాలి. నమాజ్ వదలకూడదు. ఈ మూడూ ఒకే కాలేజీలో దొరుకుతాయని ఎవరైనా బ్రోషర్ చేతిలో పెడితే నమ్మకండి. నా లెక్కలో పాఠం ఒకచోట, బాధ్యత ఇంకోచోట నేర్చుకోవాల్సిందే. మనం ఎంచుకునే కాలేజీ ఆ రెండో దానికి వారంలో ఓ నాలుగైదు గంటలైనా మిగిల్చాలి. కింద చెప్పిన దారులన్నిటినీ ఈ కొలతతోనే చూశాను.

ముందు పరీక్ష తేల్చుకోండి

ఎంపీసీ అంటే ఇంజనీరింగ్, బైపీసీ అంటే ఎంబీబీఎస్. చాలా ఇళ్ళలో ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. విశాఖలో ఉండి అలా ఆగిపోవడం మరీ అన్యాయం. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. దానికి క్లాట్ రాయాలి, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నా రాయొచ్చు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీకి విశాఖ క్యాంపస్ ఉంది, ఓడల నిర్మాణంలో బీటెక్ చెబుతారు, ఐఎంయూ సెట్ రాసి చేరాలి. 2016లో వచ్చిన పెట్రోలియం సంస్థ ఐఐపీఈలో బీటెక్ సీటుకు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. తూర్పు నౌకాదళం మన కళ్ళముందే ఉన్నా మన ఇళ్ళలో ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష మాట వినబడేది తక్కువ. అది ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే రాయొచ్చు, 2021 నుంచి అమ్మాయిలూ రాస్తున్నారు. నేవీకి వెళ్ళాలంటే మాత్రం ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో డిగ్రీకి 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది. నీట్, ఈఏపీసెట్ సంగతి అందరికీ తెలిసిందే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, లా చదవాలనుకునే అమ్మాయిని ఐఐటీ బ్యాచ్‌లో పడేస్తే డబ్బూ రెండేళ్ళూ కలిసి పోతాయి. ఆ అమ్మాయికి కావాల్సింది సీఈసీయో ఎంఈసీయో ఉన్న మామూలు కాలేజీ, రోజూ ఇంగ్లీషు పేపరు, ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో ఒక కుర్చీ.

కార్పొరేట్ హాస్టలా, ఇంటి నుంచా

జేఈఈ, నీట్ గట్టిగా అనుకున్నవాళ్ళకు రెసిడెన్షియల్ వల్ల లాభం లేదనను. తెల్లవారుజాము నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్ష, తప్పులు మళ్ళీ దిద్దించడం, ఇవన్నీ ఒక పద్ధతిగా జరుగుతాయి. రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉండి, ఒక పక్క టీవీ, ఇంకో పక్క చిన్న తమ్ముడు ఉన్న పిల్లవాడికి హాస్టల్ నిజంగా ఊరట. బడి చదువులో ముందున్నా ఇంట్లో కూర్చునే చోటు లేని పిల్లలకు నేను హాస్టలే చెబుతాను.

నష్టం వేరే వైపు ఉంది. నెలకోసారి ఔటింగ్, ఆదివారం పది నిమిషాల ఫోను, మిగతా అంతా గోడల మధ్యే. రెండేళ్ళు ప్రశ్నకు జవాబు పెట్టడం తప్ప ఎవరినీ ప్రశ్న అడగని పిల్లలు బీటెక్ మొదటి సంవత్సరంలో సెమినార్ అనగానే వణికిపోతారు. నాయకత్వం మాట అటుంచి, బ్యాంకులో చలాన్ నింపడానికి కూడా నాన్న రావాలి.

నమాజ్ సంగతి పీఆర్వోను అడిగితే "నో ప్రాబ్లం సార్" అంటాడు. అది వార్డెన్‌ను అడగాల్సిన ప్రశ్న. ఇంకా మంచిది, అదే క్యాంపస్‌లో ఇప్పుడు సెకండియర్ చదువుతున్న మన పిల్లల్ని అడగండి. జొహర్, అసర్ (మధ్యాహ్నం, సాయంత్రం నమాజ్) విరామంలో గదికి వెళ్ళనిస్తారా? జుమాకు (శుక్రవారం నమాజ్‌కు) బయటికి పంపుతారా, పంపితే నడిచి వెళ్ళేంత దూరంలో మసీదు ఉందా? మధురవాడ, కొమ్మాది వైపు క్యాంపస్‌లు చూసేటప్పుడు శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళండి. పన్నెండున్నర నుంచి రెండు దాకా గేటు దగ్గర నిలబడితే జవాబు దానంతటదే తెలుస్తుంది. అమ్మాయిలకైతే హిజాబ్‌తో క్లాసుకు రానిస్తారా, యూనిఫాం నియమం ఏమిటి అన్నవి చేరేముందే తేల్చుకోవాలి. చేరాక మొదలయ్యే వాదన చదువునే దెబ్బతీస్తుంది.

డే స్కాలర్‌గా చేరితే అసలు శత్రువు బస్సు. గాజువాక నుంచి ద్వారకానగర్ రోజూ వెళ్ళొస్తే రెండు గంటలకు పైగా రోడ్డుకే పోతుంది. అందుకని కాలేజీ పేరుకన్నా దూరం చూడండి. పేరున్న కాలేజీ బ్రాంచి దూరంగా ఉండి, అంత పేరు లేనిది ఇంటి దగ్గర ఉంటే నేను దగ్గరి దానికే ఓటేస్తాను. సెమీ రెసిడెన్షియల్ అని ఒకటుంది: పొద్దున ఏడుకు వెళ్ళి రాత్రి తొమ్మిదికి రావాలి. హాస్టల్ సుఖమూ లేదు, ఇంటి సుఖమూ లేదు. నిద్ర ఒక్కటి తగ్గుతుంది.

ఫీజు దగ్గర ఇంకో మాట. మన ఇళ్ళలో చాలామంది వడ్డీ అప్పు వద్దనుకుంటారు, కానీ ఇంటర్ ఫీజు కోసం బంగారం తాకట్టు పెట్టేదాకా తెలియకుండానే వెళ్ళిపోతారు. మొదటి ఏడాది ఫీజు మాత్రమే అడగకండి. రెండేళ్ళది, హాస్టల్‌ది, మెటీరియల్‌ది, పరీక్ష ఫీజుది, రెండో ఏడాది తర్వాత లాంగ్‌టర్మ్ కోచింగ్ కావాల్సి వస్తే దానిది, అన్నీ ఒక కాగితం మీద కూడండి. ఆ అంకె చూశాక కొన్ని నిర్ణయాలు వాటంతటవే మారతాయి.

ప్రభుత్వ కాలేజీని చిన్నచూపు చూడకండి

సర్కారు జూనియర్ కాలేజీలో ఫీజు భారం లేదు, పుస్తకాలు ఉచితం, 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. లెక్చరర్ల అర్హతకు లోటు ఉండదు. లేనిది పోటీ పరీక్షల సాధన. దాన్ని బయట కొనుక్కోవచ్చు, లేదా ఉచితంగానే తెచ్చుకోవచ్చు. ఐఐటీ కాన్పూర్ నడిపే సాథీ పోర్టల్‌లో జేఈఈ, నీట్ పాఠాలూ పరీక్షలూ డబ్బు కట్టకుండా దొరుకుతాయి. మైనారిటీల కోసం ప్రభుత్వం పెట్టిన సీఈడీఎం అనే సంస్థ ఉచిత కోచింగ్ ఇస్తుంటుంది. ఈ ఏడాది ఏ పరీక్షకు, ఎక్కడ అన్నది జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో అడిగితే తెలుస్తుంది.

ఏపీ గురుకుల సంస్థ జూనియర్ కాలేజీలకు ఏపీఆర్‌జేసీ సెట్ రాయాలి. ఆ సంస్థకే మైనారిటీలకు విడిగా కాలేజీలూ ఉన్నాయి. తిండి, ఉండడం, చదువు అన్నీ సర్కారువే. చదువు బాగుండి చేతిలో డబ్బు లేని ఇంటికి ఇంతకన్నా మంచి హాస్టల్ నాకు కనబడదు. దరఖాస్తు గడువు తక్కువ ఉంటుంది, పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో చాలామంది దాన్ని చూడనే చూడరు.

ఈ దారిలో ఒక షరతు ఉంది. సాయంత్రాలు పిల్లవాడివే కాబట్టి వాటిని ఎలా వాడతాడన్నది పూర్తిగా అతని మీదా, ఇంటి మీదా ఆధారపడుతుంది. క్రమశిక్షణ ఉన్నవాడికి ఇది అన్నిటికన్నా మంచి దారి. లేనివాడికి ఇదే అన్నిటికన్నా ప్రమాదం.

ఊరు దాటి: బీదర్, పట్నా, అలీగఢ్

ముస్లిం పిల్లల కోసమే నడిచే పెద్ద సంస్థల పేర్లు ఇప్పుడు విశాఖ దాకా వచ్చాయి. కర్ణాటకలో బీదర్‌లోని షాహీన్ విద్యాసంస్థలు అబ్దుల్ ఖదీర్ మొదలుపెట్టినవి, నీట్‌కు పేరు పడ్డాయి. వాటిలో నాకు నచ్చేది ఒకటుంది: చిన్నప్పుడే బడి మానేసి ఖురాన్ కంఠస్థం చేసిన హాఫిజ్ పిల్లల్ని మళ్ళీ లెక్కలు, సైన్సు దారిలోకి తెచ్చే ప్రత్యేక కోర్సు. మన పేటల్లోనూ అలాంటి పిల్లలు ఉన్నారు. బీదర్ దాకా పంపలేకపోతే ఇక్కడే ఏపీ ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయించొచ్చు, 14 ఏళ్ళు నిండితే చాలు. అక్కడి నుంచి ఇంటర్ మామూలే.

పట్నాలో రహ్మానీ 30 అనే కోచింగ్ సంస్థ ఉంది. మౌలానా వలీ రహ్మానీ, బిహార్ పోలీసు అధికారి అభయానంద్ కలిసి మొదలుపెట్టారు. ఎంపిక పరీక్ష రాసి నెగ్గాలి. జేఈఈ మీదే ప్రాణం పెట్టుకున్న, లెక్కల్లో నిజంగా చురుకైన కుర్రాడికి ప్రయత్నించమని చెబుతాను. మిగతావాళ్ళకు భాష, తిండి, దూరం మూడూ కలిసి మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటుంది. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో మాట్లాడే దక్కనీ వచ్చు గానీ అక్కడి ఉర్దూ, హిందీ వేరు.

ఈ సంస్థల్లో నమాజ్, రోజా, తిండి గురించి ఇంట్లో బెంగ ఉండదు. అది పెద్ద మాటే. అయితే అక్కడ నాయకత్వం వస్తుందని మాత్రం అనుకోకండి. అవి ర్యాంకు కోసం పెట్టినవి, ఆ పని బాగా చేస్తాయి. అంతవరకే.

అలీగఢ్ వేరే కథ. 1875లో సర్ సయ్యద్ పెట్టిన కాలేజీ 1920లో విశ్వవిద్యాలయం అయింది. దాని సీనియర్ సెకండరీ స్కూళ్ళలో 11వ తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. చాలామంది గమనించని లాభం ఇక్కడుంది: అక్కడే చదువుకున్నవారికి పై కోర్సుల్లో సగం సీట్లు ఉంటాయి. అంటే 11వ తరగతిలో చేరడం తర్వాతి డిగ్రీకి తలుపు తీసుకోవడమే. ఇంకో అపోహ కూడా ఉంది. అలీగఢ్‌లో ముస్లింలకు కోటా ఉంటుందని అనుకుంటారు. లేదు. కోటా ఉన్నది ఢిల్లీ జామియా మిల్లియాలో, అక్కడ సీట్లలో సగం ముస్లింలకు. జామియాలో బీటెక్‌కు జేఈఈ మెయిన్ ర్యాంకు చూస్తారు.

చర్చలు, విద్యార్థి జీవితం, దేశం నలుమూలల స్నేహితులు, వీటి లెక్కన అలీగఢ్, జామియాలను మించినవి ఈ జాబితాలో లేవు. కానీ పదిహేనేళ్ళ పిల్లను ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఒకటిన్నర రోజు దూరం పంపడం అందరివల్లా కాదు. నా సలహా: ఇంటర్ విశాఖలో చదివించి డిగ్రీకి పంపండి. చరిత్ర, రాజకీయ శాస్త్రం, జర్నలిజం లాంటివి చదవాలనుకునే పిల్లలకు ఈ దారి మరీ బాగుంటుంది. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూ చదివినవారికే సరిపోతాయి. తెలుగు మీడియంలో పెరిగిన మన పిల్లలకు వాటి గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు.

నాయకత్వం మూడు రోజుల క్యాంపులో రాదు

వేసవిలో "లీడర్‌షిప్ క్యాంప్" ఫ్లెక్సీలు వెలుస్తాయి. రెండు మూడు రోజులు, ఒక టీషర్టు, ఒక సర్టిఫికెట్, చివరిరోజు గ్రూప్ ఫోటో. పిల్లలకు సరదాగా ఉంటుంది, కొత్త స్నేహాలు కలుస్తాయి. అంతకు మించి ఆశించకండి. అందులో పిల్లవాడు తేల్చాల్సిన పని ఏదీ ఉండదు.

ఎన్‌సీసీ అలా కాదు. హైస్కూల్లో రెండేళ్ళు చేస్తే 'ఏ' సర్టిఫికెట్, తర్వాత కాలేజీలో 'బీ', 'సీ' వస్తాయి. సీ సర్టిఫికెట్ ఉన్నవారికి డిగ్రీ తర్వాత రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి (సైనిక అధికారుల ఎంపిక ఇంటర్వ్యూకు) వెళ్ళే దారులున్నాయి. విశాఖలో నేవల్ వింగ్ కూడా ఉండడం మనకు అదనం. చిక్కు ఏమిటంటే చాలా కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో ఎన్‌సీసీ ఉండదు, కాబట్టి ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే చేరాలి. ఐక్యరాజ్యసమితి చర్చల నమూనాలో జరిగే మోడల్ యునైటెడ్ నేషన్స్ పోటీలు ఇంగ్లీషు మాటకు పదును పెడతాయి, ఫీజులు మాత్రం కాస్త ఎక్కువే.

1982లో మొదలైన ఎస్‌ఐఓ, అమ్మాయిల జీఐఓ లాంటి ముస్లిం విద్యార్థి సంఘాల్లో చదివి చర్చించడం, వేదికెక్కి మాట్లాడడం అలవాటవుతాయి. నా అభ్యంతరం ఒకటే: అక్కడ అందరూ మనవాళ్ళే. రేపు ఆఫీసులో పనిచేసేది అన్ని రకాల మనుషులతో. అందుకే మన సంఘం ఒకటి ఉంటే, దానితో పాటు ఎన్‌సీసీయో, ఎన్‌ఎస్‌ఎస్సో, జూనియర్ రెడ్‌క్రాసో, కాలనీ క్రికెట్ జట్టో మరొకటి ఉండాలి.

ఇక డబ్బు పెట్టనక్కర్లేని శిక్షణ మన గల్లీలోనే ఉంది. మసీదులో ఇఫ్తార్ ఏర్పాటు చూడండి. రోజుకు ఎంతమంది వస్తారో అంచనా వేయాలి, పూర్ణామార్కెట్‌లో ఖర్జూరం, అరటిపళ్ళ ధర అడగాలి, ఎవరు ఏ రోజు స్పాన్సర్ చేశారో రాసుకోవాలి, మగ్రిబ్ అజాన్‌కు పది నిమిషాల ముందే ప్లేట్లు సర్దాలి, మిగిలింది ఎవరికి పంపాలో తేల్చాలి. ఈ పనిలో పదో తరగతి కుర్రాడికి మనం ఇచ్చేది ప్లేట్లు మోయడం. నోటుపుస్తకం మాత్రం పెద్దాయన చేతిలోనే. ఆ పుస్తకం ఒక వారం కుర్రాడికి ఇవ్వండి. రెండో రోజు లెక్క తేడా వస్తుంది, ఎవరో కేకలేస్తారు, మూడో రోజు నుంచి ఒక్కో పైసా రాస్తాడు. నలుగురి డబ్బు చేతిలో ఉన్నప్పుడు మనిషి ఎలా ఉండాలో ఏ క్యాంపూ ఇంత త్వరగా నేర్పదు. అమ్మాయిలకు ఈ అవకాశం మసీదులో తక్కువ కాబట్టి పేటలో చిన్న పిల్లలకు సాయంత్రం ట్యూషన్, ఆడవాళ్ళకు ఆధార్, పెన్షన్ ఫారాలు నింపిపెట్టడం లాంటివి వాళ్ళ చేతికి ఇవ్వాలి. పని చిన్నదైనా పేరు వాళ్ళది ఉండాలి.

రంజాన్, పరీక్షలు ఒకేసారి

ఈ సంగతి ఏ కాలేజీ బ్రోషర్లోనూ ఉండదు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో మార్చి నెలంతా రంజాన్, ఇంటర్ పబ్లిక్ పరీక్షలూ అప్పుడే జరిగాయి. 2026, 2027లలో కూడా అది ఫిబ్రవరి, మార్చిలలోనే. అంటే ఇప్పుడు ఇంటర్‌లో చేరే పిల్లలకు రోజా, రివిజన్ కలిసే వస్తాయి. పరీక్ష ఉదయం తొమ్మిదికైతే సహెరీ (తెల్లవారకముందు భోజనం) తర్వాత ఫజర్ నమాజ్ చదివి మళ్ళీ పడుకుంటే కష్టం. ఆ రెండు గంటలే రోజంతటికీ మంచి చదువు సమయం. రాత్రి తరావీహ్ నమాజ్ తర్వాత అర్ధరాత్రి దాకా కూర్చోవడం మానేసి, జొహర్ తర్వాత ఒక గంట నిద్రపోవడం నయం. హాస్టల్ ఎంచుకునేవాళ్ళు సహెరీ పెడతారా అని అడగాలి. చల్లారిన అన్నం డబ్బాలో పెట్టి రాత్రే ఇచ్చేచోట్లు కూడా ఉన్నాయి.

కాగితాలు తొమ్మిదో తరగతిలోనే

మన పిల్లలకు సీటు దగ్గర పడే దెబ్బల్లో ఎక్కువ పేరు స్పెల్లింగ్ వల్లే. ఆధార్‌లో ఎస్‌కే చుక్క, స్కూల్లో షేక్, ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. మొహమ్మద్‌కైతే ఎన్ని స్పెల్లింగులో చెప్పలేం. పదో తరగతి మెమోలో ఏది పడితే జీవితమంతా అదే. నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేముందు హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్ళి ఆధార్ పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూసుకోండి. మెమో వచ్చాక దిద్దించడం నెలల పని.

కుల ధ్రువపత్రం సంగతి: 2007 చట్టం ప్రకారం ముస్లింలలో కొన్ని వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్. అందులో షేక్, ఖురేషీ, లబ్బీ, అత్తర్, ఫకీర్ లాంటివి 14 ఉన్నాయి. కేసు సుప్రీంకోర్టులో ఉన్నా 2010 మధ్యంతర ఉత్తర్వుతో అమలవుతోంది. దూదేకుల, నూర్‌బాషా వారు బీసీ-బీ. సయ్యద్, పఠాన్, మొఘల్ ఇళ్ళకు ఇవి వర్తించవు, ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే ఈడబ్ల్యూఎస్ 10 శాతం చూసుకోవాలి. రాష్ట్ర జాబితాలో ఉన్నంతమాత్రాన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదు. ఐఐటీ, ఎన్ఐటీ, నీట్ ఆల్ ఇండియా సీట్లకు చూసేది కేంద్ర జాబితానే, దరఖాస్తులో టిక్కు పెట్టేముందు అది తెరిచి మీ వర్గం పేరు వెతకండి. కేంద్ర పరీక్షలకు ఓబీసీ నాన్‌క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ పత్రాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నవే అడుగుతారు కాబట్టి పాతది చేతిలో ఉందని ఊరుకోకండి.

నీట్‌కు హిజాబ్‌తో వెళ్ళే అమ్మాయిలు తనిఖీ కోసం కేంద్రానికి ముందుగా చేరాలని నిబంధనల్లోనే ఉంటుంది. అడ్మిట్ కార్డులో రిపోర్టింగ్ వేళ చూసుకుని, గేటు తెరిచే సమయానికల్లా అక్కడ ఉండేలా ఇంటినుంచి బయల్దేరండి.